బౌక్య బిస్కెట్ల డబ్బా

బౌక్య పిల్లికి కూడా బిచ్చం పెట్టదని ఊళ్ళో అనేవాళ్ళు. శుద్ధ అబద్ధం. పిల్లికి పెట్టేది, మనుషులకే పెట్టేది కాదు.

ఇలా అంటున్నానని ఆవిడ మీద నాకేదో కడుపుమంట ఉందనుకోకండి. వాళ్ళింటికీ మా ఇంటికీ ముప్ఫై ఏళ్ళుగా ఒకటే గోడ. మా తాళంచెవి వాళ్ళ దగ్గరుంటుంది, వాళ్ళది నా దగ్గరుంటుంది. పొద్దుటి కాఫీ ఒకరోజు మా వంటింట్లో, ఒకరోజు వాళ్ళ వంటింట్లో. వాళ్ళింట్లో అయితే బౌక్య కప్పులు పెట్టి, అలమర మీంచి నీలం పూల రేకు డబ్బా దించి, మూత తీసి నా ముందుకి జరిపేది. నేనొక బిస్కెట్టు తీసుకునేదాన్ని. టక్కున మూత పడేది. డబ్బా మళ్ళీ అలమర ఎక్కేది. హాలండ్‌కి ఉత్తరపు కొసన మా ఫ్రీస్‌లాండ్‌లో ఎవరింట్లో అయినా కాఫీకి ఒక్కటే బిస్కెట్టు, అందులో వింత లేదు. కానీ తక్కిన ఇళ్ళలో పాదిరీ గారొస్తేనో, చావు కబురు తెలిసి పదిమంది చేరితేనో మూత రెండోసారి లేస్తుంది. బౌక్య పాదిరీ గారికీ లేపలేదు. ఆయన ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మాటల్లో పడి రెండోసారి చెయ్యి చాపి, వేళ్ళు మూతకి తగిలేసరికి వెనక్కి తీసుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఆ మూత ఎలా లేచిందో చెప్తాను. కాస్త ముందునించీ చెప్పాలి మరి.

బౌక్యది సముద్రం గట్టు కింద పల్లె. ఆ రోజుల్లో పడవల మీదొచ్చిన రొయ్యల్ని బుట్టలకెత్తి ఇంటింటికీ పంచేవాళ్ళు. ఆడవాళ్ళూ పిల్లలూ వంటింటి బల్ల చుట్టూ కూర్చుని తొక్క ఒలిచేవాళ్ళు. బౌక్య చదువంటే చెవి కోసుకునే పిల్ల. పద్నాలుగో ఏట బడి మాన్పించారు. మాస్టారు ఇంటికొచ్చి, బాగా చదివే పిల్ల, ఇంకొన్నాళ్ళు పంపండి అని అడిగాడట. వాళ్ళ నాన్న గుమ్మం పక్కనున్న రొయ్యల బుట్ట వైపు చెయ్యి చూపించాడట. మాస్టారు కాఫీ తాగి, బిస్కెట్టు తిని వెళ్ళిపోయాడట. ఈ సంగతి బౌక్య నాకు ఒక్కసారే చెప్పింది, బంగాళదుంపలు చెక్కుతూ, ఎవరి గోడో చెప్పినట్టు చెప్పింది. ఒలిచీ ఒలిచీ ఆవిడ బొటనవేళ్ళు రెండూ లోపలికి వంగిపోయాయి. ఆ వేళ్ళతోనే డబ్బా మూత తీసేది.

ఆవిడ మొగుడు సీబ్రెన్ పాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. మంచివాడే, తొందర ఎక్కువ. వాళ్ళకి ఒక్కతే కూతురు యోక. యోక మొగుడితో పొసగక విడిపోయింది, పట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో షిఫ్టుల పని. అందుకని యోక కూతురు ఫెన్న సోమవారంనించీ శుక్రవారందాకా అమ్మమ్మ ఇంట్లోనే ఉండేది.

ఇక ఈ ఫెన్న సంగతి. పొగరుబోతు పిల్ల కాదు, అబద్ధాలకోరు కాదు, ఎవరికీ ఎదురు చెప్పేది కాదు. ఎదురు చెప్పినా బాగుండేది, ఏదో ఒకటి చెప్పినట్టుండేది. చదివావా అంటే ఊఁ. అర్థమైందా అంటే ఊఁ. బడినించి వచ్చి సంచీని నడవలో ఎక్కడ పడేసేదో మర్నాడు అక్కడే ఎత్తుకునేది, మధ్యలో దాని జిప్పు తీసిన పాపాన పోయేది కాదు. మా దగ్గర పదికి ఐదున్నర వస్తే గట్టెక్కినట్టు. ఫెన్న ఐదున్నరకి గురి పెట్టి కొట్టేది, పైన ఒక్క పిసరు వచ్చినా దండగ అనుకునేది. గురి ఎప్పుడూ తగలదు కదా. ఒక ఏడు తప్పి, అదే తరగతిలో మళ్ళీ కూర్చుంది. ఇప్పుడు పదహారేళ్ళకి ఆఖరి పరీక్ష ముందుకొచ్చి నిలబడింది. ఇందులోనూ తప్పితే ఆ బడిలో ఇంకోసారి ఉంచుకోరు.

పిల్లని ఒక్కదాన్నీ అనడం ఎందుకు. మా వాళ్ళే అంత. పదికి ఆరొస్తే పండగ చేసుకుంటాం, తొమ్మిది తెచ్చిన పిల్లని కాస్త అనుమానంగా చూస్తాం. మామూలుగా ఉండు, అదే కావలసినంత పిచ్చి అన్నది మా తాతల నాటి మాట. ఫెన్నకి నాలుగొస్తే అందరూ బుజ్జగించేవాళ్ళే. పర్లేదులే తల్లీ, అందరూ చదువుకోసమే పుడతారా అనేవాళ్ళు. ప్రేమతోనే అనేవాళ్ళు. ఆ పిల్లకి వినపడింది మాత్రం, నీ మీద మాకేం ఆశ లేదని.

ఆ ఏడు శరదృతువులో సీబ్రెన్ పుట్టినరోజు వచ్చింది. ముందుగదిలో కుర్చీలన్నీ గుండ్రంగా వేసి, వచ్చినవాళ్ళం వచ్చినట్టు అందరికీ చేతులు కలిపి, పుట్టినరోజువాడితో పాటు వాడి పెళ్ళానికీ కూతురికీ మనవరాలికీ కూడా అభినందనలు చెప్పి, కేకు ముక్క ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. సీబ్రెన్ తమ్ముడు హార్మ్ రేవులో రొయ్యల గోదాముకి మేస్త్రీ. ఫెన్న పరీక్ష మాట ఎవరో ఎత్తారు. హార్మ్ కేకు నములుతూ, బెంగెందుకు, మా గోదాములో ఒక చెయ్యి ఖాళీగా ఉంది, నాలుగు రోజులు పని, ఒక్కరోజు బడి, అలా సర్దేస్తారు, నేను మాట్లాడతాను అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. యోక కూడా కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది. ఫెన్న మామూలుగానే ఊఁ అంది.

బౌక్య కాఫీ కెటిల్ పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయింది.

"అది రొయ్యల్లోకి పోదు. వచ్చే జూన్‌లో ఈ ఇంటి జెండాకర్రకి దాని సంచీ వేలాడుతుంది, రండి అందరూ, చూద్దురుగాని."

గదిలో అందరం ఒళ్ళో పళ్ళేలకేసి చూసుకున్నాం. మా దగ్గర ఆఖరి పరీక్ష పాసైన పిల్లల ఇళ్ళముందు జెండా ఎగరేసి, ఆ కర్ర చివర బడి సంచీ కడతారు. వీధిన పోయేవాళ్ళు తలెత్తి చూసి, ఓహో, ఈ ఇంటి పిల్ల గట్టెక్కింది అనుకుంటారు. అది అయిపోయాక చేసే పని. ఎనిమిది నెలల ముందు నలుగురిలో గొప్పలకి పోయి చెప్పుకునే మాట కాదు. బౌక్య నోట గొప్ప మాట రావడం నేను అంతకుముందు వినలేదు. ఫెన్న అమ్మమ్మ వైపు చూసింది, మనకెందుకీ గొడవ అన్నట్టు.

అన్నదే గాని ఎలా నెరవేర్చాలో బౌక్యకి తెలిస్తే కదా. మొదట తిట్టింది. తర్వాత ఫ్రిజ్ మీద టైంటేబుల్ అంటించింది. సాయంత్రాలు సెల్లు లాక్కుని బ్రెడ్డు పెట్టెలో దాచింది. సీబ్రెన్ పాల ఫ్యాక్టరీలో తను ఎన్ని కష్టాలు పడ్డాడో ఏకరువు పెట్టాడు. యోక ఫోనులో ఏడ్చింది. గోడకి చెప్పినా గోడ కాస్త ఉలిక్కిపడేదేమో, ఫెన్న మాత్రం ఊఁ అంది.

నవంబరులో ఒకరోజు, వాన ఈడ్చి కొడుతోంది. వాళ్ళ సూపు గిన్నె ఒకటి నా దగ్గరుండిపోతే ఇచ్చి పోదామని వెళ్ళాను. బౌక్య రక్తపోటు మాత్ర చేతిలో పెట్టుకుని డాక్టర్ని శాపనార్థాలు పెడుతోంది. ఈ మాయదారి మాత్ర వేసుకున్నప్పటినించీ పదినిమిషాలకోసారి మరుగుదొడ్డికి పరుగెత్తలేక చస్తున్నాను, రక్తానికి మందివ్వమంటే ఒంటికి పోసే మందిచ్చాడు అంటోంది. ఫెన్న బల్ల దగ్గర సెల్లులోంచి తలెత్తకుండానే అంది:

"అది మూత్రపిండాలకే అమ్మమ్మా. ఆ మాత్ర ఉప్పుని బయటికి తోసేస్తుంది. ఉప్పు పోతే నీళ్ళు దాని వెనకే పోతాయి. అప్పుడు రక్తం తోపు తగ్గుతుంది."

"ఉప్పు వెనక నీళ్ళెందుకు పోవాలే? దానికేం పని?"

ఫెన్న నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. లేచి నడవలోకి వెళ్ళి, సంచీ జిప్పు తీసి, పుస్తకం తెచ్చింది. ఆ ఇంట్లో ఆ పుస్తకాన్ని నేను చూడటం అదే మొదలు. పేజీలు తిప్పి, పెదాలు కదుపుతూ చదువుకుని, దినపత్రిక అంచున చిక్కుడుగింజలాంటి బొమ్మ గీసి, ఉప్పు ఎక్కడెక్కువుంటే నీళ్ళు అటు పోతాయని, రొయ్యలకి ఉప్పు చల్లితే నీరు ఊరదా అలాగేనని చెప్పింది. బౌక్య రెండు మోచేతులూ బల్లమీద ఆనించి వింది. అడ్డు ప్రశ్నలు వేసింది. అర్థమయ్యాక, ఆహా, అందుకా, అనుకుంటూ లేచి, పరధ్యానంగా అలమర దగ్గరికి వెళ్ళి, డబ్బా దించి, మూత తీసి పిల్ల ముందుకి జరిపింది.

మూడింటికి టీతో ఫెన్న తన బిస్కెట్టు తినేసింది. మా వంటింటి కిటికీలోంచి నేను చూశాను. ఇది రెండోది. నా చేతిలో సూపు గిన్నె అలాగే ఉండిపోయింది. ఫెన్న డబ్బా వైపు చూసి, అమ్మమ్మ వైపు చూసి, గబుక్కున ఒకటి తీసుకుంది, మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని. నాకు మాత్రం జరపలేదు లెండి.

మర్నాడు టీ అయ్యాక ఫెన్న తనంతట తనే, అమ్మమ్మా, గుండెకి గదులెన్నో తెలుసా అంది. అలా మొదలైంది. వాళ్ళిద్దరి మధ్యా ఒప్పందమంటూ ఏమీ లేదు, ఎవరూ నోరు తెరిచి ఏమీ అనుకోలేదు. పాఠం బౌక్య బుర్రకెక్కితే డబ్బా దిగేది. ఎక్కకపోతే దిగేది కాదు. బౌక్యకి ఊరికే ఎక్కేది కాదు. ఎందుకట, ఎవరు చెప్పారట, నువ్వు చూశావా అని పీక్కుతినేది. యుద్ధాల పాఠం వస్తే రాజులకి బుద్ధుండాలి కదా అని గంటసేపు ఫెన్నతో దెబ్బలాడింది. లెక్కల్లో ఎక్స్ అంటే ఏమిటో చెప్పేదాకా ముందుకి కదలనివ్వలేదు. ఫెన్నకి తెలియనివి బడికి పట్టుకెళ్ళి అడిగి వచ్చేది. ఒకసారి తరగతి మాస్టారు హూక్‌స్ట్రా యోకకి ఫోన్ చేసి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని వాకబు చేశాడట. పిల్ల ప్రశ్నలడుగుతోందట, ఆయనకి భయమేసిందట.

బిస్కెట్టు కోసమే చదివిందని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఆయనకేం తెలుసు. బిస్కెట్లు వీధి చివర దుకాణంలో దొరుకుతాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నోటినించి వచ్చే మాట కోసం ఒక మనిషి మోచేతులానించి కూర్చోవడం అదే మొదలు, నన్నడిగితే. మా వంటింటి కిటికీలోంచి చూస్తే వాళ్ళ బల్ల కనిపిస్తుంది. చీకటి పడే వేళకి దీపం కింద రెండు తలలు, ఒకటి నెరిసింది, ఒకటి గోధుమరంగుది, ఒక పుస్తకం మీద వంగి ఉండేవి. చూస్తే నాకు కడుపు నిండిపోయేది. గిన్నెలు తోముతూ ఎన్నిసార్లు అలా నిలబడిపోయానో.

మార్కులు ఐదులనించి ఆరులకీ, ఒకటి రెండు ఏడులకీ ఎక్కాయి. జీవశాస్త్రంలో ఒకసారి ఎనిమిదొచ్చింది. సీబ్రెన్ ఆ కాగితం పట్టుకుని వీధంతా తిరగబోతే బౌక్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

ఒక్క పాఠం దగ్గరే గొడవ. ఆర్థికశాస్త్రం. ఫెన్న ఆ పుస్తకం తీస్తే బౌక్య లేచి పోయేది. సంసారం ఎలా నెట్టుకురావాలో నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, అది నేను పుట్టకముందే నేర్చుకున్నాను, ఇంకేదైనా చెప్పు అనేది. ఎన్నిసార్లు మొదలెట్టినా అదే తంతు. దానికి మూత లేచేది కాదు, కాబట్టి ఆ పుస్తకం సంచీలోంచి రావడం మానేసింది. ఐదున్నర వస్తే చాలులే అనుకుంది ఫెన్న, పాత అలవాటు ప్రకారం.

మేలో పరీక్షలు అయ్యాయి. జూన్ మధ్యలో ఫలితాలు. మా దగ్గర ఆ రోజు పద్ధతి ఒకటుంది. మధ్యాహ్నం రెండింటి లోపల మాస్టారు ఫోన్ చేస్తే తప్పినట్టు. రెండు దాటాక చేస్తే పాసైనట్టు. తప్పినవాళ్ళకి ముందు చెప్పి, తర్వాత తక్కినవాళ్ళకి తీరిగ్గా శుభం పలుకుతారు. ఆ రెండింటిదాకా ఏ ఇంట్లోనూ ఫోను మోగకూడదని అందరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు.

ఫెన్న ఇంట్లో కూర్చోలేనని సైకిలెక్కి సముద్రం గట్టు మీదికి పోయింది. యోక డ్యూటీలో ఉంది. బౌక్య, సీబ్రెన్, నేనూ ముందుగదిలో ఫోను చుట్టూ కూర్చున్నాం, శవం చుట్టూ కూర్చున్నట్టు. ఒంటిగంటన్నరకి అది మోగనే మోగింది. బౌక్య మొహంలో నెత్తురు చుక్క లేదు. సీబ్రెన్ ఎత్తాడు. కిటికీ అద్దాలు తుడిచే కుర్రాడు, రేపు రావచ్చా అని. సీబ్రెన్ వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

గడియారం రెండు కొట్టింది. ఫోను ఉలకలేదు, పలకలేదు. సీబ్రెన్ లేచాడు. పిల్ల రానీ, దాని నోటితో చెప్పనీ అంది బౌక్య. రెండు దాటిందా లేదా, ఇంక చెప్పేదేముంది అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పొద్దుటినించీ నిచ్చెన గోడకి ఆనించే ఉంచాడు మహానుభావుడు. ఎరుపు తెలుపు నీలం జెండా ఎగరేశాడు. నడవలోంచి ఫెన్న సంచీ తెచ్చి, లోపలి పుస్తకాలు తీయడం కూడా మరిచిపోయి, అలాగే కర్ర చివర కట్టాడు. ఆ బరువుకి కర్ర, పెద్ద చేప పడ్డ గాలంలా వంగింది.

మా వీధిలో జెండా లేచిందంటే గుమ్మాలన్నీ తెరుచుకుంటాయి. ఎదురింటివాళ్ళు పూలగుత్తి తెచ్చారు. మూలింటావిడ బేకరీ కేకు తెచ్చింది. హార్మ్ రేవునించి నేరుగా వచ్చి, వదినా, నీ మాటే నెగ్గింది అని బౌక్య చెయ్యి పట్టి ఊపాడు. నేనూ పరుగెత్తికెళ్ళి మా పెరట్లో పూలు కోసుకొచ్చాను. బౌక్య గుమ్మంలో నిలబడి అందరి చేతులూ అందుకుంటోంది గాని, ఆవిడ కళ్ళు వీధి మలుపు మీదే ఉన్నాయి.

ఫెన్న సైకిలు మలుపు తిరిగింది. జెండా చూసింది. సంచీ చూసింది. మమ్మల్నందర్నీ చూసింది. సైకిలు దిగి, దాన్ని నడిపించుకుంటూ వచ్చింది. ఆ నడక చూడగానే నాకు తెలిసిపోయింది, చేతిలో పూలు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మాస్టారు రెండింటికి పావుగంట ముందే చేశాడట. ఇంటికి కాదు, పిల్ల సెల్లుకి. ముసలివాళ్ళం ముగ్గురం ఇంటి ఫోనుకి కాపలా కాశాం.

"తప్పాను," అంది ఫెన్న. "ఆర్థికశాస్త్రం."

సీబ్రెన్ మొహం చూడలేకపోయాను, పాపం, పెద్దవాడు, పసిపిల్లాడిలా పెదవి వణికింది. హార్మ్ గొంతు సవరించుకున్నాడు. పోన్లేమ్మా, అందరూ చదువుకోసమే పుడతారా అని మొదలుపెట్టాడు. ఫెన్న వినిపించుకోలేదు. నిచ్చెన దగ్గరికెళ్ళి కాలు పెట్టింది.

"తాతా, నిచ్చెన పట్టుకో."

సీబ్రెన్ పట్టుకున్నాడు. జెండా దించేస్తావా తల్లీ అని అడిగాడు.

"జెండా నీ ఇష్టం తాతా. నాకు సంచీ కావాలి, పుస్తకాలు అందులోనే ఉన్నాయి. వచ్చే వారం ఆ ఒక్కటీ మళ్ళీ రాయనిస్తారు."

అంతమంది చూస్తుండగా ముడి విప్పి, సంచీ భుజాన వేసుకుని దిగింది. ఊఁ తప్ప మాట తెలియని పిల్ల. సంచీ జిప్పు తీయని పిల్ల. దిగి ఎవరి వైపూ చూడకుండా లోపలికి పోయింది. బౌక్య మా అందరి వైపూ తిరిగి, కేకులు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, పిల్లకి పనుంది అని తలుపు వేసేసింది.

మర్నాడు కాఫీ వంతు వాళ్ళింట్లో. వెళ్ళాలా వద్దా అనుకుంటూనే వెళ్ళాను. ఫెన్న బల్ల దగ్గర ఆర్థికశాస్త్రం ముందేసుకుని కూర్చుంది. బౌక్య ఆ పిల్ల ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"చెప్పు. మొదటినించీ చెప్పు."

"నీకు ఎవరూ చెప్పక్కర్లేదన్నావుగా."

"అన్నాను. నీ సంచీ కిందికి దించింది నేనేనే. ఇంక చెప్పు."

ఆ వారం ఎలా గడిచిందో నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బౌక్య మొండి శిష్యురాలు, ప్రతిదానికీ నాకు తెలుసు అని మొదలుపెట్టి, తెలియదని ఒప్పుకోడానికి అరగంట తీసుకునేది. ఒకరోజు కూలి రేట్ల పాఠం వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. సరుకు తయారీ కూలి తక్కువున్న చోటికి ఎలా పోతుందో చెప్తూ, పుస్తకంలో ఏదో బట్టల మిల్లు సంగతి ఉంటే దాన్ని పక్కకి తోసి, మన రొయ్యలే చూడు అమ్మమ్మా అంది ఫెన్న. ఇక్కడ పట్టిన రొయ్యల్ని లారీలెక్కించి మొరాకో పంపి, అక్కడ ఒలిపించి, మళ్ళీ ఇక్కడికే తెచ్చి అమ్ముతున్నారు, అన్ని వేల మైళ్ళు తిప్పినా ఇక్కడి కూలి కంటే అదే చవక అంది. బౌక్య చేతులు బల్లమీద ఆగిపోయాయి. ఇళ్ళలో ఒలిపించడం ఆపేసినప్పుడు, మీ వంటిళ్ళు శుభ్రంగా ఉండవని చెప్పి ఆపారట. అప్పటినించీ ఆవిడకి ఆ మాట గుచ్చుకునే ఉంది.

"అయితే మా అమ్మ వంటిల్లు మురికని కాదన్నమాట."

"అది ఒక్కటే అయ్యుండదు అమ్మమ్మా. మీ కూలి వాళ్ళకి ఎక్కువైంది."

బౌక్య వంకర బొటనవేళ్ళకేసి కాసేపు చూసుకుంది. తర్వాత లేచి డబ్బా దించింది. ఆ రోజు మూత మళ్ళీ పెట్టడం మరిచిపోయింది. అయినా నేను చెయ్యి చాపలేదు, మర్యాదంటూ ఒకటుంటుంది కదా.

ఫెన్న మళ్ళీ రాసింది. జూన్ ఆఖరున మళ్ళీ అదే ఫోను పద్ధతి. ఈసారి సీబ్రెన్‌ని కుర్చీలోంచి లేవనివ్వలేదు బౌక్య. నిచ్చెన మా షెడ్డులో పెట్టి తాళం వేయించింది. సెల్లు బల్ల మధ్యలో పెట్టి, ఫెన్న, యోక, బౌక్య, సీబ్రెన్, నేనూ దాని మొహం చూస్తూ కూర్చున్నాం. రెండింటి లోపల మోగలేదు. రెండయ్యింది. మోగలేదు. రెండుంపావుకి మోగింది. ఫెన్న చెవిన పెట్టుకుని వింది, ఊఁ అంది, ఇంకోసారి ఊఁ అంది, బల్ల మీద పెట్టేసింది.

"ఆరున్నర వచ్చింది అమ్మమ్మా. పాసయ్యాను."

యోక భోరుమంది. సీబ్రెన్ నిచ్చెన కోసం మా షెడ్డుకి పరుగెత్తాడు, తాళం నా దగ్గరుందని మరిచిపోయి. బౌక్య మాత్రం, సరే, మామూలుగా ఉండండి అని కాఫీ పెట్టడానికి లేచింది.

జెండా ఈసారి ఫెన్నే కట్టింది. సంచీలోంచి పుస్తకాలు తీసేసి, ఖాళీ సంచీ కర్ర చివర వేలాడదీసింది. ఆ పైన దిగి వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. చేతిలో నీలం పూల డబ్బా. బిస్కెట్లన్నీ ఒక పళ్ళెంలోకి వంపేసి, డబ్బాని ఉల్లిపాయల వలసంచీలో పెట్టి తెచ్చింది. నిచ్చెనెక్కి తన సంచీ పక్కనే దాన్నీ కట్టింది. మూత లేదు, కింద వదిలేసింది. గాలికి రెండూ ఒకదానికొకటి తగులుతూ టంగు టంగుమన్నాయి.

వీధిలో మళ్ళీ జనం చేరారు. పోయినసారి కేకే ఫ్రిజ్‌లోంచి తీసి తెచ్చింది మూలింటావిడ, మా వాళ్ళు దేన్నీ పారెయ్యరు. హార్మ్ తలెత్తి చూసి, సంచీ సరే, ఆ డబ్బా ఎవరిదమ్మా అన్నాడు.

"అమ్మమ్మది," అంది ఫెన్న నిచ్చెన మీంచే. "ఆవిడకి బడి సంచీ లేదు కదా. ఆవిడ కూడా పాసైంది."

బౌక్య గుమ్మంలో ఉంది. దించవే, వాన పడితే తుప్పు పడుతుంది అంది. ఎవరూ కదల్లేదు. దించమన్నానా అంది మళ్ళీ. గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. నేను వెనకే వెళ్ళాను. వంటింట్లో పొయ్యివైపు తిరిగి, కొంగులా ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా. వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నాకూ కళ్ళు ఆగలేదు, అది వేరే సంగతి.

కాసేపటికి ముక్కు చీది, కప్పులు తీసింది. అందరూ లోపలికొచ్చి గుండ్రంగా కూర్చున్నారు. బౌక్య బిస్కెట్ల పళ్ళెం తెచ్చి అందరి మధ్యా పెట్టింది. మూత లేదు, వేసే వీలు లేదు. అయినా అలవాటు పడ్డ ప్రాణాలు, హార్మ్ ఒకటి తీసుకున్నాడు, నేనొకటి తీసుకున్నాను, ఎదురింటివాళ్ళు ఒక్కొక్కటి తీసుకున్నారు. తినేసి అందరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. పళ్ళెం నిండా బిస్కెట్లు అలాగే ఉన్నాయి.

బౌక్య పళ్ళెం ఎత్తి నా ముందు పెట్టింది.

"ఇంకోటి తీసుకో గ్రీతా."

తీసుకున్నాను. ఆ ఇంట్లో ఒకే కాఫీకి నేను తిన్న రెండో బిస్కెట్టు అదే.